ఇంటిలో బేస్ గిటారు ధ్వనిముద్రణము

ఈనాడు మన పల్లెలలోను చిన్న పట్టణములలోను ఒక క్రొత్త వాడుక ప్రబలుచున్నది. పూర్వము పాటను రికార్డు చేయవలెనన్న మద్రాసువంటి నగరమునకు పోవలసి యుండెడిది. ఇప్పుడు కాలేజీలో చదువుచున్న కుఱ్ఱవాడు మేడమీది గదిలో తలుపు మూసికొని కూర్చుండి, గిటారును కంప్యూటరునకు తగిలించి, తన పాటను తానే ముద్రించుకొనుచున్నాడు. తలుపునకు ఇవతలనున్న పెద్దలకు వినవచ్చునది గోడలదరు మంద్రధ్వని యొక్కటే. "వీడు లోపల చేయుచున్న దేమి? ఇన్ని పెట్టెలును ఇన్ని తీగెలును ఏల? కరెంటుతోడి పని గదా, ప్రమాదము లేదు గదా?" అని పెద్దలు నన్ను పలుమారు అడిగినారు. ఈ మూడు ప్రశ్నలకును నాకు తెలిసినంతలో సమాధానము చెప్పుటయే నేటి ప్రసంగము. మూడవ ప్రశ్న ప్రాణమునకు సంబంధించినది గాన దానికి ఎక్కువ కాలము కేటాయించెదను.

మొదట వాద్యమును గూర్చి నాలుగు మాటలు. బేస్ గిటారునకు సాధారణముగా నాలుగు తంత్రులు. మామూలు గిటారులోని క్రింది నాలుగు తీగెలకంటె ఇవి సరిగా ఒక స్థాయి తక్కువగా పలుకును. అన్నిటికంటె లావైన తీగె సెకండునకు 41 సార్లు, తక్కినవి వరుసగా 55, 73, 98 సార్లు కంపించును. పాశ్చాత్య సంగీతములో పూర్వము ఈ మంద్రస్వరములను నిలువెత్తు డబుల్ బేస్ పలికించెడిది. దానిని మోయుట కష్టము; పెద్ద మేళములో దాని ధ్వని మునిగిపోవుచుండెను. అమెరికాలో సియాటిల్ నగరమున పాల్ టుట్‌మార్క్ అను నాతడు 1930లలోనే మెట్లుగల విద్యుత్ బేస్ వాద్యమును తయారుచేసెను గాని అది వ్యాపింపలేదు. 1951లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ "ప్రిసిషన్ బేస్" అను వాద్యమును విపణికి తెచ్చెను. వీణకువలె మెట్లుండుటచేత స్వరము తప్పక పలుకుననియే దానికి "ఖచ్చితము" అను నర్థముగల పేరు పెట్టబడినది. నేటి బేస్ గిటారులు చాలవఱకు దాని అడుగుజాడలలో నడచినవే.

ఇది మనకు బొత్తిగా క్రొత్త సంగతి కాదు. మృదంగమునకు తొప్పి యెట్లో, బుఱ్ఱకథకు గుమ్మెట యెట్లో, ఈ పాటలకు బేస్ అట్టిది. అది ఉన్నప్పుడు ఎవరును గమనింపరు. లేనప్పుడు పాటకు పునాది కదలినట్లుండును. ఇళయరాజా స్వరపఱచిన 1980ల నాటి తెలుగు సినిమా పాటలను శ్రద్ధగా వినినచో, గాయకుని గొంతు క్రింద మెల్లగా నడచుచు, ఒక్కొక్కచోట తానే వేఱొక రాగము పాడుచున్నట్లు వినవచ్చునది ఈ వాద్యమే.

ఇక రెండవ ప్రశ్న: ఇన్ని పెట్టె లేల? దీనికి మన చెఱువు కాలువ కంటె మంచి పోలిక నాకు కనబడలేదు. చెఱువులో నీరుండవలెను, తూము సరిగా తెఱవవలెను, కాలువకు గండి పడరాదు, బోదెలు పొలమునకు తగినట్లుండవలెను. ఎగువ గండిలో పోయిన నీటిని దిగువ రైతు ఎంత పాటుపడినను తెచ్చుకొనలేడు. ధ్వనిముద్రణములో తీగె మొదలుకొని చెవివఱకు గల వరుసయు నిట్టిదే. ఎగువ చెడిన ధ్వనిని దిగువ నున్న ఏ యంత్రమును బాగుచేయజాలదు. కావున ధనమును శ్రద్ధను ఎగువనుండి దిగువకు వెచ్చింపవలెను. మా మేనల్లుడు మేడమీది పదడుగుల గదిలో ఈ వరుసను అమర్చుకొన్నప్పుడు మేమిద్దరము అనుసరించిన నియమ మిదియే.

ఎగువన నున్నవి చేయియు తీగెయు. అమెరికాలో డిట్రాయిట్ నగరమున 1959లో బెర్రీ గోర్డీ మోటౌన్ అను సంగీత సంస్థను స్థాపించెను. దాని ముద్రణశాల పెద్ద భవనము కాదు. వెస్ట్ గ్రాండ్ బులెవార్డు వీథిలోని ఒక సామాన్యమైన యిల్లు. అంతకుముందు అందొక ఫోటోగ్రాఫరు ఉండెడివాడు. ఆ యింటి వెనుకభాగములో జేమ్స్ జామర్సన్ అను నాతడు వాయించిన బేస్‌ను ప్రపంచమంతయు వినినది. 1962 నాటి ఒక ప్రిసిషన్ బేస్, మార్చుట యెఱుగని పాత తీగెలు, కుడిచేతి చూపుడువ్రేలు: ఇవియే ఆతని సాధనములు. అక్కడి యింజనీర్లు ఆతని వాద్యమును చాలవఱకు మైక్రోఫోను లేకయే, నేరుగా ముద్రణ యంత్రమునకు కలిపి ముద్రించిరి. నేడు కుఱ్ఱవాండ్రు ఇంటిలో చేయుచున్నది ఆ పద్ధతియే. ఇల్లు చిన్నదనియు, పరికరములు తక్కువనియు చింతింప బనిలేదనుటకు ఆ యిల్లే సాక్షి. నేడది సంగీత ప్రదర్శనశాలగా నున్నది.

రెండవది పికప్. ఇది తీగెల క్రింద అమర్చిన అయస్కాంతము. దానిచుట్టును తలవెండ్రుకవంటి రాగితీగెను వేలకొలది చుట్లు చుట్టుదురు. పైని ఉక్కుతీగె కదలినప్పుడు అయస్కాంత క్షేత్రము కదలును. దానివలన చుట్టలో అతిస్వల్పమైన విద్యుత్తు పుట్టును. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్ర మిదియే. ఈ విద్యుత్తు మిక్కిలి సుకుమారమైనది. దీనిని పుచ్చుకొను పెట్టె ఎక్కువగా లాగినచో ధ్వనిలోని మెఱుగు నశించి మొద్దుబాఱిపోవును. కావున పుచ్చుకొను ద్వారముయొక్క నిరోధము సుమారు 10 లక్షల ఓములుండవలెను. మైక్రోఫోనునకై ఏర్పఱచిన ద్వారములో అది కొద్ది వేల ఓములే. రెండింటికిని తేడా యింత యున్నది గనుకనే, గిటారును మైక్రోఫోను ద్వారమునకు నేరుగా తగిలించిన కుఱ్ఱవాడు "నా వాద్యము మంచిది కాదు, మఱొకటి కొనవలెను" అని యింటిలో పోరుపెట్టును. వాద్యమునందు దోషము లేదు, ద్వారము తప్పినది. చాల ఇంటర్‌ఫేసుల మీద "ఇన్‌స్ట్రుమెంట్" అని యొక మీట యుండును. దానిని నొక్కిన చాలును. క్రొత్త గిటారు కొని యిచ్చుటకు ముందు పెద్దలు ఈ మీట సంగతి యడుగుట మేలు.

మూడవది కేబులు. గిటారునుండి వచ్చు కేబులు ఎంత పొడవైన అంతగా పైస్వరముల మెఱుగును హరించును; చుట్టుప్రక్కల గొణుగుడును అంతగా పట్టుకొనును. మూడు నాలుగు మీటర్లకు మించకుండుట మంచిది. దూరము పోవలసియున్నచో నడుమ డి.ఐ. పెట్టె యుండవలెను. ఇది నాలుగవ మెట్టు. దీనిలో కొన్నింటియందు చిన్న ట్రాన్స్‌ఫార్మరు మాత్రమే యుండును. మీ వీథిచివర స్తంభముపై నున్నదానికి ఇది తమ్మునివంటిది. గిటారు సంకేతమును ఇది రెండు తీగెలలో పరస్పరము ఎదురుగా నడిపించును. త్రోవలో గొణుగుడు సోకినను రెండు తీగెలకును ఒకే తీరున సోకును. ఆవలి చివర ఒకదానినుండి మఱొకటి తీసివేయగా గొణుగుడు రద్దయి, సంకేతము మిగులును. ఈ యుపాయముచేత ముప్పది మీటర్ల దూరమైనను ధ్వని చెడదు. చిన్న గదిలో ఇంటర్‌ఫేస్ చేరువనే యున్నచో ఈ పెట్టె తప్పనిసరి కాదు.

ఐదవది ఇంటర్‌ఫేస్. ఇది సంకేతమును పెంచి, సెకండునకు 48,000 సార్లు కొలిచి, అంకెలుగా మార్చి కంప్యూటరునకు పంపును. ఇక్కడ కుఱ్ఱవాండ్రకు ఎక్కువ బిగ్గరగా ముద్రింపవలెనను ఆశ కలుగును. అది కూడదు. కొలపాత్ర నిండి పొర్లినచో పొర్లినది పోయినట్లే, అంకెల యంత్రములో హద్దు మీఱిన ధ్వని తెగిపోవును, తరువాత అతుకబడదు. 24 బిట్ల పద్ధతిలో లోతు చాల యున్నది. కనుక మిక్కిలి గట్టిగా మీటినప్పుడు సైతము సూచిక హద్దునకు 12 డెసిబెళ్ళు దిగువనే యుండునట్లు అమర్చుకొనవలెను. మెల్లగా మీటుచు అమర్చి, పాటలో గట్టిగా మీటుట పనికిరాదు. పాటలో మీటబోవునంత బలముతోనే పరీక్షింపవలెను.

ఇప్పుడు గొణుగుడు సంగతి. మన దేశములో విద్యుత్తు సెకండునకు 50 సార్లు ముందు వెనుకలకు ఊగును. బేస్ గిటారులో లావు తీగెపై మూడవ మెట్టు నొక్కిన పలుకు స్వరము 49. చూచితిరా! కరెంటు గొణుగుడును వాద్యపు స్వరమును ఇరుగు పొరుగున నున్నవి. గొణుగుడును జల్లెడపట్టి తీసివేయుదమన్నచో స్వరముకూడ పోవును. అందుచేత గొణుగుడును పుట్టినచోటనే అణచవలెను. ఇందుకు నేను చేయు పరీక్ష తేలికయైనది. గదిలో ట్యూబులైటు, ఫ్యాను రెగ్యులేటరు, సెల్లుఫోను చార్జరు ఒక్కొక్కటిగా ఆపి వినుట. లాప్‌టాప్‌ను చార్జరునుండి విడదీసి బ్యాటరీతో నడిపి వినుట. ఇన్వర్టరుపై నున్నప్పుడును, లైనుపై నున్నప్పుడును వేర్వేరుగా వినుట. గిటారుతో కూర్చున్నవాడు తాను కూర్చున్న దిక్కు కొంచెము మార్చి వినుట. పావుగంటలో దోషి చాలవఱకు దొరకును. తీగెలపై చేయి పెట్టగానే గొణుగుడు తగ్గినచో భయపడ నక్కఱలేదు. తీగెలు లోపల కేబులు కవచమునకు కలుపబడి యుండుటచేత అట్లగుట సహజము.

కాని ఆ చివరి మాటలోనే ప్రమాదముకూడ దాగియున్నది. దయచేసి ఇకమీద చెప్పుదానిని శ్రద్ధగా వినవలెను. వాయించువాని వ్రేళ్ళు తీగెలపై నున్నవి. ఆ తీగెలు కేబులు కవచమునకును, కవచము ఇంటర్‌ఫేసునకును, ఇంటర్‌ఫేస్ కంప్యూటరునకును, కంప్యూటరు చార్జరు మూలమున గోడలోని మూడవ రంధ్రమునకును, ఆ రంధ్రము పెరటిలోని ఎర్త్ గుంటకును కలిసియున్నవి. అనగా పెరటిలోని బొగ్గు, ఉప్పు, ఇనుపగొట్టము: ఇవి ఆ పిల్లవాని వ్రేళ్ళవఱకు వచ్చు రక్షణకు వేరు. ఆ వేరు ఎండినచో, ఏ పెట్టెలోనైన లోపము కలిగి కరెంటు కవచమునకు సోకినప్పుడు, భూమిలోనికి పోవుటకు దానికి దారి యుండదు. పిల్లవాడే దారి యగును. ఒక చేత గిటారు తీగెలు, రెండవ చేత మైక్రోఫోను కాడ పట్టుకొన్నప్పుడు ఆ దారి గుండెమీదుగా పోవును.

ఇది ఊహ కాదు. 1972 మే 3వ తేదీన బ్రిటనులోని స్వాన్సీ పట్టణమున లెస్లీ హార్వే అను గిటారు విద్వాంసుడు వేదికపై ఎర్త్ సరిగా లేని మైక్రోఫోనును తాకి ప్రాణము కోలుపోయెను. శ్రోతలెదుట, పెద్ద సభాభవనములో జరిగిన సంగతి యిది. మన మేడమీది గదిలో అంతకంటె రక్షణ యున్నదని ఎవరు చెప్పగలరు?

నేను చూచిన ఒక యింట గొణుగుడు పోవుటకై ప్లగ్గునకున్న పై లావుపుల్లను విఱిచివేసినారు. గొణుగుడు నిజముగానే తగ్గినది. పిల్లవాడు సంతోషించెను, తండ్రియు సంతోషించెను. వారిరువురును ఎఱుగని దేమనగా, తగ్గిన గొణుగుడుతోపాటు రక్షణకూడ పోయినది. మూడు పుల్లల ప్లగ్గును రెండు పుల్లల అడాప్టరుతో పెట్టుటయు అంతే. ఈ పని ఎంత చదువుకొన్నవాడు సలహాయిచ్చినను చేయరాదు. ఎర్త్ వలయమువలన పుట్టు గొణుగుడునకు వేఱు మందున్నది. డి.ఐ. పెట్టెమీద "గ్రౌండ్ లిఫ్ట్" అని యొక మీట యుండును. అది సంకేతపు కేబులు కవచమును మాత్రమే విడదీయును. గోడలోని ఎర్త్‌ను తాకదు. గొణుగుడు పోవును, రక్షణ యుండును. కంప్యూటరు, ఇంటర్‌ఫేస్, ఆంప్లిఫయరు మూడింటిని ఒకే బోర్డునుండి, మూడు పుల్లల సాకెట్లకే కలుపుట మఱొక మందు.

పెద్దలు చేయదగిన పని యిక్కడనే యున్నది. లైసెన్సుగల ఎలక్ట్రీషియనును పిలిపించి, ఆ గది సాకెట్టులోని మూడవ రంధ్రము నిజముగా గుంటకు చేరుచున్నదా యని కొలిపింపుడు. మన యిండ్లలో పెక్కుచోట్ల సాకెట్టునకు రంధ్ర మున్నది గాని దాని వెనుక తీగెయే లేదు. ఎర్త్ గుంట యెండలకు ఎండిపోకుండ వేసవిలో నీరు పోయింపుడు. మెయిను బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల వద్ద తనంత తానే తెగిపోవు రక్షణ స్విచ్చిని పెట్టింపుడు. దానిపై నున్న పరీక్ష బొత్తమును అప్పుడప్పుడు నొక్కి చూడుడు. తీగెలనుగాని కంప్యూటరునుగాని ముట్టినప్పుడు చేతికి జివ్వుమన్నచో, "కొంచెమే గదా" అని ఊరకుండక, గోడవద్ద స్విచ్చి ఆపి, కారణము తెలియువఱకు వాయించుట మాన్పింపుడు. తడికాళ్ళతో, తడినేలపై నిలిచి వాయింపనీయకుడు. గుంటకును స్విచ్చికిని అయిన ఖర్చు గిటారు ఖర్చులో భాగమనియే యెంచుకొనవలెను. ఆ ఖర్చుచేత ఆ పిల్లవానికే గాక, ఫ్రిజ్జి తలుపు తీయు ఇల్లాలికిని, మోటారు వేయు పెద్దకొడుకునకును రక్షణ కలుగును.

ఇక వినుటను గూర్చి. లావు తీగె ధ్వనితరంగము పొడవు ఎనిమిది మీటర్లకు పైబడును. గదియో మూడు మీటర్లు. పదడుగుల గోడల నడుమ సెకండునకు సుమారు 56 సార్లు కంపించు ధ్వని తానుగా ఉబ్బును. బేస్ గిటారు రెండవ తీగె 55. కనుక అట్టి గదిలో ఆ తీగె ఒక్కటి మ్రోగగనే మూలలలో గోడలదరును. గది నట్టనడుమ కూర్చున్నవానికి అదే స్వరము పలుచబడి వినిపించును. మా మేడగదిలో నేను చెవితో విని తెలిసికొన్న సంగతి యిది. తలుపు బయటనున్న మీకు అదరు తెచ్చునదియు ఆ స్వరమే. అట్టి గదిలో స్పీకరు విని బేస్ ఎక్కువయినదో తక్కువయినదో నిర్ణయించుట వట్టిమాట. మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకొనుట మేలు. ఇంటివారి నిద్రయు నిలుచును, ముద్రణమును నిలుచును. కాని చెవులకు హాని కలుగకుండ వాటి ధ్వని మితముగా నుండవలెను.

చివరిది కంప్రెసరు. వాయించునప్పుడు ఒక స్వరము బిగ్గరగా, ఒకటి మెల్లగా వచ్చుట సహజము. జోడెడ్లలో దుడుకెద్దునకు పగ్గము బిగించినట్లు, ఈ యుపకరణము హద్దు మీఱిన స్వరమును అణచును. నాలుగింటికి ఒకటి యను నిష్పత్తిలో పెట్టినచో, 8 డెసిబెళ్ళు మీఱిన ధ్వని 2 డెసిబెళ్ళే మీఱినట్లు బయటికి వచ్చును. అయితే మీటిన తొలి దెబ్బ వినబడిన తరువాతనే పగ్గము పడునట్లు, ఇరువది ముప్పది మిల్లీసెకండ్ల వ్యవధి యుంచవలెను. లేనిచో వాద్యమునకు ప్రాణము పోవును. దీనిని ముద్రించునప్పుడు గాక, ముద్రించిన పిదప కంప్యూటరులో చేర్చుట నా పద్ధతి. అసలు ధ్వనిని అలంకారము లేక ఉన్నదున్నట్లు దాచుకొన్నవానికి రేపు మనసు మాఱినను నష్టము లేదు. అలంకరించియే ముద్రించినవానికి ఆ యలంకారము ఊడదు.

కొనవలసిన క్రమము ఇక తేలికగా చెప్పవచ్చును. మొదట ఇంటి ఎర్త్, రక్షణ స్విచ్చి. పిదప స్వరము నిలుచు వాద్యము, దానికి మంచి తీగెలు. తరువాత "ఇన్‌స్ట్రుమెంట్" మీటగల ఇంటర్‌ఫేస్, పొట్టి కేబులు, హెడ్‌ఫోన్లు. డి.ఐ. పెట్టె అవసరము పడినప్పుడు. తక్కిన అలంకార పరికరములు, కుఱ్ఱవాడు ఒక యేడు విడువక సాధనచేసిన తరువాత. ఈ క్రమమును తలక్రిందుగా నడిపించుటకే అంగడులు చూచును. ఇంటిలో పెద్ద యున్నందులకు ఫలమేమనగా, ఆ క్రమము నిలుచుట.

ఈ సంగీతము మీకు రుచించకపోవచ్చును. రుచించవలెనని నేను కోరను. కాని తలుపు మూసికొని ఒక కుఱ్ఱవాడు మూడవ మెట్టుపై ఒక్క స్వరమును నూఱుసార్లు మీటి, నూటొక్కటవసారి అది సమముగా వచ్చినదని సంతోషించుచున్నచో, అది సాధనయే. పెరటిలో ఎర్త్ గుంట తడిగా నున్నదో లేదో ముందు చూచి, ఆపైన ఒకసారి ఆ తలుపు తట్టి, హెడ్‌ఫోన్లు మీరును పెట్టుకొని వినుడు.